ఏసీ ఔట్‌డోర్ శుభ్రం: మనమే చేసుకోవాలా, మెకానిక్‌ను పిలవాలా, ఏడాది ఒప్పందం తీసుకోవాలా?

నల్లగొండ జిల్లా మిర్యాలగూడలో మా ఇల్లు రైస్ మిల్లులున్న రోడ్డుకు దగ్గర. యాసంగి వడ్లు దిగే ఏప్రిల్, మే నెలల్లో పొద్దున డాబా ఊడిస్తే సాయంత్రానికి మళ్లీ కాళ్ల కింద ఊక గరగరలాడుతుంది. రెండేళ్ల కిందట అదే డాబా మీదున్న మా ఒకటిన్నర టన్నుల ఏసీ ఔట్‌డోర్ మిట్టమధ్యాహ్నం మూడింటికి ఆగిపోవడం, సాయంత్రం ఆరు దాటాక ఏమీ ఎరగనట్టు మళ్లీ చల్లగాలి ఇవ్వడం మొదలుపెట్టింది. గ్యాస్ అయిపోయిందని ఒకరు, కంప్రెషర్ పోయిందని మరొకరు అన్నారు. యూనిట్ వెనకవైపు వంగి చూస్తే ఊక, పత్తి నూగు, దుమ్ము కలిసి వేలెడు మందాన గొంగడిలా అతుక్కుని ఉన్నాయి. ఒక మూల గోటితో పట్టి లాగితే ఆ పొర చాప చుట్టినట్టు ఊడివచ్చింది. దాన్ని తీయకముందు మెకానిక్ క్లాంప్ మీటర్ (తీగ చుట్టూ పట్టించి కరెంటును కొలిచే సాధనం) పెడితే 8.6 ఆంపియర్లు చూపించింది. పొర తీసి, కడిగి, మళ్లీ నడిపించాక 7.3 చూపించింది. గ్యాస్ ఒక్క గ్రాము కూడా నింపలేదు.

అప్పటినుంచి ఔట్‌డోర్‌ను శుభ్రం చేసే పద్ధతులన్నీ ఒకదాని తరవాత ఒకటి మా ఇంట్లోనూ, జడ్చర్లలో మా అక్కావాళ్ల ఇంట్లోనూ చేయించి చూశాను. ఏ పద్ధతి మంచిదని అడిగే ప్రతివారూ ముందు ధర అడుగుతారు. నా అనుభవంలో ధర కన్నా ముందు చూడవలసినవి రెండున్నాయి: మీ యూనిట్‌లో పేరుకునే దుమ్ము ఏ రకం, మీ ఇంట్లో పారే నీళ్లు ఏ రకం. ఈ రెండూ తేలితే సగం నిర్ణయం దానంతటదే జరిగిపోతుంది.

ఔట్‌డోర్ చేసే పని

గదిలోని వేడిని ఇండోర్ యూనిట్ లాగుతుంది, గ్యాస్ దాన్ని మోసుకొస్తుంది, ఔట్‌డోర్ దాన్ని బయటి గాలిలోకి వదులుతుంది. ఒకటిన్నర టన్నులంటే దాదాపు 5.2 కిలోవాట్ల వేడి. దానికి కంప్రెషర్ వాడుకునే కరెంటు వేడి కూడా కలుస్తుంది కాబట్టి డాబా మీది ఆ పెట్టె ఏడు కిలోవాట్లకు దగ్గరగా వేడిని నిరంతరం బయటకు పారెయ్యాలి. అందుకోసం రాగి గొట్టాల చుట్టూ కాగితమంత పల్చటి అల్యూమినియం రేకులు, అంటే ఫిన్స్, వందల సంఖ్యలో పేర్చి ఉంటాయి. ఫ్యాన్ గాలిని వెనక నుంచీ ఎడమ పక్క నుంచీ ఆ రేకుల మధ్యగా లాగి ముందుకు వదులుతుంది. దుమ్ము చేరేది కూడా గాలి లోపలికి వెళ్లే చోటే, అంటే గోడవైపున్న వెనక ముఖం మీదే. చాలా ఇళ్లలో తడిగుడ్డతో ముందరి జాలీని తుడిచి శుభ్రం చేశామనుకుంటారు. అది వాకిలి కడిగి వంటిల్లు కడిగినట్టు చెప్పుకోవడం లాంటిదే.

మన దగ్గర ఈ విషయం ఇంకొంచెం తీవ్రంగా ఉండడానికి కారణముంది. ఏసీల సామర్థ్యాన్ని బయటి ఉష్ణోగ్రత 35 డిగ్రీలుగా పెట్టి కొలుస్తారు. నల్లగొండలోనూ, పాలమూరులోనూ (మహబూబ్‌నగర్) మే నెల మధ్యాహ్నాలు 42, 43 దాటడం మామూలే, డాబా సిమెంటు మీద వేడి దానికి మించి ఉంటుంది. మామూలుగానే పరీక్షా పరిస్థితిని దాటి పనిచేస్తున్న యంత్రానికి గాలి కూడా ఆడకపోతే లోపలి పీడనం పెరుగుతుంది, కంప్రెషర్ ఎక్కువ కరెంటు లాగుతుంది, చివరికి తనను తాను కాపాడుకోవడానికి ఆగిపోతుంది. మాకు మూడింటికి ఆగి ఆరింటికి నడవడం వెనకున్న మర్మం అంతే.

ముందు దుమ్మును చూడండి

సాగర్ ఎడమ కాలువ ఆయకట్టులో, ముఖ్యంగా మిర్యాలగూడ చుట్టుపక్కల, ఊకా తవుడూ ఎక్కువ. ఊక గరుకుగా ఉండి రేకుల అంచుకు పట్టుకుంటుంది గానీ లోతుకు పోదు, పొడిగా ఉండగా మెత్తటి బ్రష్‌తో లాగితే రాలిపోతుంది. తవుడు మాత్రం తడిస్తే పిండి ముద్దవుతుంది. జిన్నింగ్ మిల్లుల దగ్గర పత్తి నూగుదీ దాదాపు ఇదే లక్షణం: పొడిగా ఉంటే తెరలా ఊడుతుంది, నీళ్లు పోస్తే రేకుల సందుల్లోకి దూరి అక్కడే గట్టిపడుతుంది.

పాలమూరు వైపు చల్క నేలల ఎర్ర దుమ్ము వేరు. అది మెత్తన, లోపలిదాకా పోతుంది, బ్రష్ దానికి చాలదు. గాలి కొట్టాలి, లేదా బాగా నీళ్లు పోసి కడగాలి. జాతీయ రహదారి 44 పక్కన ఇల్లుంటే దీనికి డీజిల్ పొగ మసి తోడవుతుంది. వాడపల్లి, మట్టంపల్లి, మేళ్లచెరువు వంటి సిమెంటు ఫ్యాక్టరీల ప్రాంతాల్లో ఉన్నవారు ఇంకాస్త జాగ్రత్త పడాలి, ఎందుకంటే సిమెంటు దుమ్ముకు క్షార గుణం ఉంది, తడి తగిలితే గట్టిపడుతుంది, అల్యూమినియాన్ని కూడా తింటుంది. అక్కడ ముందు పొడిగా ఊదడం తప్పనిసరి, ఆ తరవాత నీళ్లు పోస్తే కొంచెం కొంచెం కాకుండా ధారాళంగా పోసి మొత్తం కడిగెయ్యాలి.

కింద హోటలో, బజ్జీల బండో ఉండి నూనె పొగ పైకి వచ్చే ఇళ్లలో దుమ్ము జిడ్డుగా, నల్లగా ఉంటుంది. వేలితో తాకితే అంటుకుంటుంది. దీనికొక్కదానికే ఫోమ్, అంటే జిడ్డును వదిలించే నురగ మందు, అవసరం.

తరవాత నీళ్లను

నల్లగొండ బోరు నీళ్లనగానే అందరికీ ఫ్లోరైడ్ గుర్తుకొస్తుంది. అది తాగే మనిషి ఎముకల సమస్య. ఏసీ రేకులకు అసలు ఇబ్బంది నీళ్ల గట్టిదనంతో. బకెట్ అంచుకూ, షవర్ రంధ్రాలకూ తెల్లగా పేరుకునే సున్నపు పొరే వేడి రేకుల మీద నీళ్లు ఆరిపోయినప్పుడూ మిగులుతుంది. అది వేడిని బయటకు పోనివ్వదు, సందులను ఇరుకు చేస్తుంది, బ్రష్‌కు రాదు.

మీ నీళ్లు ఏ రకమో తెలుసుకోవడానికి మీటరు అక్కర్లేదు. నల్లటి పెనం వెనకవైపు ఒక చెంచాడు నీళ్లు పోసి ఎండలో ఆరనివ్వండి. తెల్లటి ఉంగరం స్పష్టంగా మిగిలితే ఆ నీళ్లతో ఔట్‌డోర్‌ను తరచూ తడపవద్దు. మా ఇంట్లో బోరు నీళ్లకు సుద్దముక్కతో గీసినంత తెల్లటి వలయం వచ్చింది, మిషన్ భగీరథ నల్లా నుంచి వచ్చే కృష్ణా నీళ్లకు లేత మరక మాత్రమే మిగిలింది. కడగడానికి బోరు నీళ్లే దిక్కయితే కడిగి, చివరి రెండు చెంబులైనా నల్లా నీళ్లతో పోయాలి. ఇండోర్ యూనిట్ పైపు నుంచి కారే నీళ్లు గాలిలోని తేమ చల్లబడి కారినవి కాబట్టి వాటిలో లవణాలు దాదాపు ఉండవు. వాటిని బకెట్‌లో పట్టి ఉంచితే చివరి కడుగుకు వాటిని మించినవి లేవు. మే నెల పొడి గాలిలో అవి కొద్దిగానే వస్తాయి, వానాకాలంలో బకెట్ త్వరగానే నిండుతుంది.

ఇక్కడే ఒక అలవాటు గురించి చెప్పాలి. ఎండలు ముదిరాక ఔట్‌డోర్ మీద తడి గోనె సంచి వేయడం, సన్నటి పైపుతో బోరు నీళ్లు చుక్కలు చుక్కలుగా పడేలా కట్టడం మన వైపు చాలా డాబాల మీద కనిపిస్తుంది. ఆ పూట చల్లదనం పెరిగే మాట నిజమే. కానీ రెండు వేసవులు గడిచేసరికి రేకులు సున్నం కొట్టిన గోడలా తయారవుతాయి, గోనె సంచి గాలిని కూడా అడ్డుకుంటుంది. దీన్ని నేను ఎవరికీ సలహా ఇవ్వను.

పద్ధతులు, వాటి లాభనష్టాలు

పొడిగా శుభ్రం చేయడం అన్నిటికన్నా తక్కువ ఖర్చుది, అన్నిటికన్నా తక్కువ ప్రమాదం ఉన్నది, ఊకా పత్తీ ఉన్న చోట్ల అన్నిటికన్నా ఎక్కువ ఫలితం ఇచ్చేది. కావలసినవి పాత పెయింట్ బ్రష్ లేదా మెత్తటి ఈతాకు చీపురు, వీలైతే చేతి బ్లోయర్. ఏసీకి కరెంటు వచ్చే ఎంసీబీ స్విచ్ ఆపాలి, రిమోట్‌తో ఆపితే చాలదు. ఇన్వర్టర్ ఏసీ అయితే బోర్డులోని కెపాసిటర్లలో కొంతసేపు కరెంటు నిలిచి ఉంటుంది కాబట్టి పది నిమిషాలు ఆగాలి. బ్రష్‌ను రేకులు నిలబడిన దిశలోనే, అంటే పైనుంచి కిందికి మాత్రమే లాగాలి. అడ్డంగా ఒక్కసారి రుద్దితే రేకులు వరి కంకుల్లా ఒరిగిపోతాయి, ఒరిగిన చోట గాలి ఆడదు. నేను మొదటిసారి ఆ పొరపాటు చేసి, అరచేయంత మేర వంగిన రేకులను సన్నటి చాకు మొనతో ఒక్కొక్కటిగా నిలబెట్టడానికి ఆదివారం పూటంతా ఖర్చు పెట్టాను. ఈ పద్ధతి లోపం ఒకటే, లోతుకు దిగిన మెత్తటి మట్టి దీనితో రాదు.

ఇంటి పైపుతో కడగడం దీనికి తరవాతి మెట్టు. చెట్లకు నీళ్లు పట్టే పైపు ధార చాలు; బొటనవేలు అడ్డం పెట్టి బలంగా కొట్టడం వద్దు. ముందు బ్రష్ వేసి పొడి దుమ్ము దులిపిన తరవాతే నీళ్లు పోయాలి, లేకపోతే పైనున్న దుమ్ము బురదై రేకుల లోపలికి పోతుంది. ఉదయం పూట, యూనిట్ చల్లగా ఉన్నప్పుడు చేయాలి. ఎండలో కాలుతున్న రేకుల మీద పోసిన నీళ్లు కడగకుండానే ఆవిరై లవణాన్ని వదిలిపోతాయి. ముందునుంచి చూస్తే కుడివైపు మూత వెనక వైర్లూ బోర్డూ ఉంటాయి, అటు నీళ్లు చల్లకూడదు. ఎర్ర మట్టి ఉండే మహబూబ్‌నగర్, జడ్చర్ల ఇళ్లకు, నల్లా నీళ్లు అందుబాటులో ఉంటే, నెలకో రెండు నెలలకో ఇలా కడగడం బాగా పనిచేస్తుంది. మా అక్కావాళ్లు చేసేది ఇదే.

పై రెండూ యూనిట్ డాబా మీదో, బాల్కనీలోనో, నిలబడి చేతికందే చోట ఉన్నప్పటి మాట. రెండో అంతస్తు గోడకు బ్రాకెట్ మీద వేలాడుతున్న యూనిట్‌ను సజ్జ మీదికి దిగి, కిటికీలోంచి వంగి శుభ్రం చేయాలనుకోవడం కరెంటు బిల్లు కోసం కాళ్లు విరగ్గొట్టుకోవడమే. అలాంటిచోట తాడూ బెల్టూ ఉన్న పనివారినే పిలవాలి, అందులో ఇంకో ఎంపిక లేదు.

స్థానిక మెకానిక్ జెట్ పంపుతో చేసే సర్వీసింగ్‌నే ఎక్కువమంది ఎంచుకుంటారు. మా ఊళ్లో ఇండోర్, ఔట్‌డోర్ రెండూ కలిపి నేను చివరిసారి 600 రూపాయలు ఇచ్చాను. మంచి మెకానిక్ పై మూతా, ముందరి జాలీ విప్పి, బోర్డుకు పాలిథీన్ కవరు చుట్టి, లోపలి నుంచి బయటికి నీళ్లు కొడతాడు. దుమ్ము వచ్చిన దారినే వెనక్కి పోతుంది. ఈ పని ఇంట్లో మనం చేయలేం, దీనికే ఆ డబ్బు. తొందరలో ఉన్నవాడు మూత విప్పకుండా బయట నుంచి, అదీ అడుగు దూరంలోంచి గట్టి ధార కొట్టి ఐదు నిమిషాల్లో దిగిపోతాడు. అప్పుడు మట్టి లోపలికి పోతుంది, రేకులూ ఒరుగుతాయి. కాబట్టి ఇద్దరు మెకానిక్‌లలో ఎవరిని పిలవాలో తేల్చుకోవడానికి ధర అడగవద్దు, మూత విప్పుతావా అని అడగండి.

ఫోమ్, కెమికల్ వాష్ పేరుతో అదనంగా అడిగే డబ్బు విషయంలో నాకు చేదు అనుభవముంది. అయిదేళ్ల కిందట పాత ఏసీకి ఒకాయన ఏదో ద్రావకం కొట్టాడు, బుసబుసమని పొంగి రేకులు కొత్త గిన్నెల్లా తళతళలాడాయి, ఇంటిల్లిపాదీ సంతోషించాం. ఆ మెరుపు అల్యూమినియం పైపొర కరిగిపోతే వచ్చినదని అప్పుడు తెలియదు. రెండో ఏడు ముగిసేలోపు రేకులు వేలితో తాకితే బూడిదలా రాలడం మొదలైంది, చివరికి కాయిల్, అంటే గొట్టాలూ రేకులూ కలిసిన భాగం మొత్తం, మార్చవలసి వచ్చింది. ఆమ్లమైనా, గాఢమైన క్షారమైనా అల్యూమినియానికి శత్రువే. రేకులకు నీలం పూత ఉన్న యూనిట్లలో ఆ పూత ముందు పోతుంది. నూనె జిడ్డు ఉన్నవారికి మాత్రం ఫోమ్ తప్పదు. అప్పుడు డబ్బా మీద అల్యూమినియం కాయిల్‌కు తగినదని, ఆమ్లం లేనిదని రాసి ఉందో లేదో మీరే చదివి, కొట్టిన తరవాత నీళ్లతో పూర్తిగా కడిగించండి. మామూలు ఊకకూ మట్టికీ ఫోమ్ అనవసరం. బాత్‌రూమ్ యాసిడ్‌ను దగ్గరికి కూడా రానివ్వవద్దు.

చివరిది కంపెనీ సర్వీసు, ఏడాది ఒప్పందం. ఇందులో రెండు రకాలున్నాయి: విడిభాగాలు కలిపినది, కేవలం పని మాత్రమే చేసేది. రెండోదానికి ధర తక్కువ, కానీ దాంట్లో మీకు దక్కేది ఏడాదికి కొన్ని సర్వీసింగ్‌లే. ఆ లెక్కకు స్థానిక మెకానిక్‌ను పిలవడం చవక. మొదటిదాంట్లో కూడా గ్యాస్ వస్తుందా, ఔట్‌డోర్ బోర్డు వస్తుందా, కాయిల్ వస్తుందా అనేది కాగితం మీద చూడాలి. వారంటీ అయిపోయిన ఇన్వర్టర్ ఏసీకి విడిభాగాలు కలిపిన ఒప్పందం ఆలోచించదగినది, ఎందుకంటే దాంట్లో ఖరీదైనది బోర్డు, వానాకాలంలో వెచ్చదనం కోసం చేరే బల్లి ఒక్కటి అడ్డంగా పడితే చాలు అది కాలిపోతుంది. ఇంకో సంగతి: నల్లగొండ, మహబూబ్‌నగర్ పట్టణాలకు దూరంగా ఉన్న మండలాలకు కంపెనీ మనిషి మే నెలలో ఎన్ని రోజులకు వస్తాడో ఒప్పందం తీసుకోకముందే ఆ ఊళ్లో ఇదివరకే తీసుకున్నవారిని అడగండి. ఉక్కపోతలో వారం రోజులు ఎదురుచూసే ఒప్పందం కన్నా ఫోను చేస్తే బండి మీద వచ్చే మెకానిక్ మేలు.

నేనైతే ఎలా ఎంచుకుంటాను

మిల్లుల దగ్గరో, పత్తి దగ్గరో ఇల్లుండి యూనిట్ చేతికందితే, వేసవిలో పదిహేను రోజులకొకసారి పొడి బ్రష్, ఏడాదికి ఒక్కసారి మూత విప్పి కడిగే మెకానిక్. ఇంతకు మించి ఖర్చు పెట్టను. ఎర్ర మట్టి, మంచి నీళ్లు ఉన్నచోట పైపు కడుగు, ఏడాదికొక జెట్ సర్వీసింగ్. ఎర్ర మట్టి, గట్టి బోరు నీళ్లు ఉన్నచోట పైపు బదులు బ్లోయర్ కొనుక్కుంటాను. రెండుమూడు వేసవుల్లో దాని ధర తిరిగి వచ్చినట్టే. నూనె పొగ ఉంటే ఏడాదికొక ఫోమ్, అదీ నా కళ్ల ముందే. గోడకు వేలాడే యూనిట్‌కు మెకానిక్ ఒక్కడే మార్గం, ఏడాదికి రెండుసార్లు.

సమయం విషయంలో ఉగాదికి ముందు సర్వీసింగ్ చేయించుకోవడం మంచిదే, అప్పుడు మెకానిక్‌లకు తీరిక ఉంటుంది. కానీ ఆయకట్టు ప్రాంతంలో అది సరిపోదు. కోత మిషన్లు దిగేదీ, కల్లాల్లో వడ్లు ఎండేదీ ఉగాది తరవాతే. కాబట్టి మే మొదటి వారంలో ఒకసారి వెనకవైపు వంగి చూడడం తప్పనిసరి.

మెకానిక్ వచ్చినప్పుడు కడిగిన తరవాత "సార్, గ్యాస్ తక్కువుంది, కొట్టియ్యాలె" అనే మాట చాలామంది వింటారు. గ్యాస్ పెట్రోలులా ఖర్చయ్యేది కాదు, మూసిన గొట్టాల్లో తిరుగుతూ ఉంటుంది. నిజంగా తగ్గితే ఎక్కడో లీకు ఉన్నట్టే, ముందు లీకు చూపించి, దాన్ని మూసి, ఆ తరవాతే నింపాలి. కీళ్ల దగ్గర సబ్బు నురగ రాసి బుడగలు చూపించమనండి, అయిదు నిమిషాల పని. ఇన్వర్టర్ యూనిట్‌లో కంప్రెషర్ వేగం మారుతూ ఉంటుంది కాబట్టి పీడనం కొలిచే గేజీలో ఒక్కసారి చూసిన అంకె మీద ఆధారపడి గ్యాస్ తక్కువని తేల్చడం సరికాదు. నింపేటప్పుడు తూకం వేసి నింపాలి. ఎన్ని గ్రాములు ఉండాలో ఔట్‌డోర్ పక్కన అంటించిన చీటీ మీదే రాసి ఉంటుంది. లాగవలసిన కరెంటు ఎన్ని ఆంపియర్లో కూడా అదే చీటీలో ఉంటుంది, క్లాంప్ మీటర్ అంకెను దానితో పోల్చి చూడవచ్చు. కొత్త ఏసీల్లో ఉండే ఆర్32 గ్యాస్‌కు కొంత మండే గుణం ఉంది, ఆ గొట్టాల జోలికి మనం పోకూడదు.

నీడ గురించి కూడా రెండు మాటలు. ఎండ తగలకుండా పైన రేకు వేయించడం మంచిదే, అయితే అది యూనిట్‌కు రెండడుగుల ఎత్తున, నాలుగు వైపులా తెరిచి ఉండాలి. ముందు మూడడుగులు, వెనక కనీసం జానెడు ఖాళీ లేకపోతే వదిలిన వేడిగాలినే మళ్లీ పీల్చుకుంటుంది. చలికాలంలో టార్పాలిన్‌తో పూర్తిగా చుట్టి కట్టేవారున్నారు. లోపల తేమ నిలిచి తుప్పు పడుతుంది, ఎలుకలు చేరి దళసరి గొట్టం మీది నల్లటి స్పాంజిని కొరికేస్తాయి. చుట్టడం కన్నా పైన ఒక చెక్క ముక్క పెట్టి, దాని మీద ఇటుక ఉంచి వదిలెయ్యడం మేలు. మళ్లీ ఏసీ వేసే ముందు ఆ ఇటుక తీయడం మరిచిపోవద్దు, పోయిన మార్చిలో అది అదిరి అదిరి కింద పెట్టిన తులసి కుండీ మీద పడింది.